చీరలు పరిచిన అడవి

అనగనగా ఒక కొండ. కొండ మీద ఒక చిన్న ఊరు. ఊరి చుట్టూ ఇప్పచెట్ల అడవి. ఇప్పపువ్వు నువ్వు చూడలేదు కదూ అమ్మడూ? మీగడ రంగులో ఉంటుంది. నోట్లో వేసుకుంటే తియ్యగా కరిగిపోతుంది. వేసవి మొదట్లో, ఇంకా తెల్లవారకుండానే, ఎవరూ కోయకుండానే తనంతట తానే రాలుతుంది. ఆ ఊరివాళ్ళు దాన్ని ఏరుకుని, ఎండబెట్టుకుని, వానాకాలమంతా వండుకు తినేవాళ్ళు.

అలాంటి చెట్లకు ఏదో జబ్బు చేసింది. పైకొమ్మలు ఎండుతున్నాయి. ఏటికేడు పువ్వు తగ్గుతోంది.

అప్పుడు వకుళ అని ఒకావిడ ఆ కొండకు వచ్చింది. మనుషులకు డాక్టరు ఉన్నట్టు, ఆవిడ చెట్లకు. కుంజా బుచ్చమ్మ అనే ముసలమ్మ తన వసారాలో ఆవిడకు చోటిచ్చింది. కొండ పైవైపున ఉన్న పెద్ద ఇప్పచెట్టు బుచ్చమ్మది. కాపురానికొచ్చిన ఏడు అత్తగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఇక దీని పువ్వు నువ్వే ఏరుకోవాలని చూపించిందట. ఆ చెట్టును బతికించమని బుచ్చమ్మ అడిగింది. వకుళ చూస్తానంది గానీ, బతికిస్తానని మాటివ్వలేదు.

మొదటి వేసవి వకుళ పైకి చూసింది. ఏ కొమ్మ పచ్చగా ఉంది, ఏది మాడింది అని మెడ నొప్పెట్టేదాకా చూసింది.

ఆ తర్వాతి వేసవి మాను చూసింది. మాను చుట్టూ సన్నటి పట్టీ కట్టి, చెట్టు లావెక్కుతోందా అని కనిపెట్టింది. లావెక్కడం లేదు. వాన ఆలస్యంగా వస్తోంది, ఎండ ముందే ముదురుతోంది, చెట్టుకు దాహం తీరడం లేదు. సంగతి తెలిసింది సరే, వానను పిలిచే మందు ఆవిడ దగ్గర ఎక్కడిది? ఆ పూట వకుళకు అన్నం సయించలేదు.

మూడో వేసవి నేల చూసింది. కిందివైపు నేలంతా నల్లగా కాలి ఉంది. పువ్వు రాలే ముందు ఊరివాళ్ళు ఎండుటాకులకు నిప్పు పెట్టేవాళ్ళు, పువ్వు బాగా కనబడుతుందని. వకుళ చాలాదూరం తిరిగి వచ్చి బుచ్చమ్మ పక్కన కూర్చుంది.

"ఈ అడవిలో అన్నీ ముసలి చెట్లే అవ్వా. పసిమొక్క ఒక్కటీ లేదు. మంటలో పోతున్నాయి" అంది.

ఆకులు అలాగే ఉంటే నేలలో చెమ్మ నిలుస్తుందనీ, పైవైపు కాల్చొద్దనీ బతిమాలింది. బుచ్చమ్మ ఒప్పుకోలేదు.

"ఆకుల్లో పడ్డ పువ్వు నా కళ్ళకు ఆనదమ్మా. ఏరుకోకపోతే ఏం తింటాం?"



మర్నాడు వేకువనే వకుళ ఆ పెద్దచెట్టు కిందికి వెళ్ళింది. కప్పుకోవడానికి తెచ్చుకున్న పాత చీర ఆకుల మీద పరిచి కూర్చుంది. మెల్లగా కునుకు పట్టింది. కలలో వాన కురుస్తోంది. చప్పుడు లేని వాన, మెత్తటి వాన. కళ్ళు తెరిస్తే జుట్టులో పువ్వులు, ఒళ్ళో పువ్వులు, చీర నిండా పువ్వులు.

ఎదురుగా బుట్టతో బుచ్చమ్మ నిలబడి ఉంది. వకుళను లేపి పక్కన నిలబెట్టి, చీర నాలుగు కొసలూ పట్టి ఎత్తింది. రాలిన పువ్వంతా ఒక్క మూటలోకి వచ్చేసింది.

అప్పుడు బుచ్చమ్మ ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు తెప్పించి, పైవైపు చెట్ల కింద పరిపించింది. ఎర్రవి, పసుపువి, నీలంవి. ఆ ఏడు పైవైపు ఎవరూ నిప్పు పెట్టలేదు.

అయినా వానాకాలం గాలికి బుచ్చమ్మ చెట్టు పడిపోయింది. లోపలెప్పుడో డొల్లయిపోయింది పాపం. బుచ్చమ్మ మాను మీద చెయ్యి వేసి కూర్చుంది. వకుళ కూడా పక్కనే కూర్చుంది. 

ఆ తర్వాత కొన్నాళ్ళకు, తడిసిన ఆకుల మధ్య లేత ఎరుపు చిగుళ్ళు కనిపించాయి. ఇక్కడొకటి, అక్కడొకటి. అన్నీ ఇప్పమొక్కలే.

"ఇవి ఎప్పుడు పూస్తాయి?" అని అడిగింది బుచ్చమ్మ.

"చాలా ఏళ్ళు పడుతుంది అవ్వా."

"పడనీ. ఇప్పుడే కదా పుట్టాయి."

అప్పటి నుంచి ఆ కొండెక్కేవాళ్ళు గట్టిగా అడుగు వెయ్యరట. పసిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు, కింద చూసుకుంటూ, మెల్లమెల్లగా నడుస్తారట.

కథ కంచి దారి పట్టె,
కంటికేమో కునుకు పట్టె.
చందమామ మబ్బెక్కె,
చిట్టితల్లి ఒడికెక్కె.