కరియ మెడలో ముళ్ళ పట్టీ

కాళ్ళు దుప్పట్లోకి పెట్టుకో చిన్నీ. మధ్యలో ఊఁ కొట్టడం మానేశావో, కథ అక్కడే ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్ద ఊరేం కాదులే, కొండ వాలులో ఒక గుడిసె, ఒక గొర్రెల దొడ్డి, అంతే. అక్కడ ఓబులేసు అనే గొర్రెల కాపరి ఉండేవాడు. అతని భార్య కాటమ్మ. వాళ్ళకు ఒక్కతే కూతురు, సుంకి. నీ ఈడుదే, నీకంటే మొండిది.

ఆ కొండ మీద చిరుతపులి తిరిగేది. వాళ్ళింట్లో దాని పేరు ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తితే వింటుందని భయం. 'మచ్చలది' అనేవాళ్ళు, అది కూడా గొంతు తగ్గించి.

మచ్చలదానికి గొర్రె కంటే కుక్క ఇష్టం. వాళ్ళు మొదట పెంచుకున్న కుక్క ఎర్రోడు. సుంకి వాడి వీపు పట్టుకునే నిలబడడం నేర్చుకుంది. ఒక సాయంత్రం మచ్చలది వచ్చి వాడి గొంతు పట్టుకుని ఈడ్చుకుపోయింది. ఆ ఇంట్లో చాలా రోజులు ఎవరికీ ముద్ద దిగలేదు.

ఆ తర్వాత ఓబులేసు కమ్మరి దగ్గరికెళ్ళి ఒక తోలు పట్టీ చేయించాడు. దాని చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన ఇనుప ముళ్ళు. కుక్క మెడకు అది కడితే, కరవబోయిన మచ్చలదాని నోరే చీరుకుపోతుంది. రెండో కుక్క చుక్కి ఆ పట్టీ పెట్టుకునే ముసలిదైంది. ఎండలో పడుకుని హాయిగా కన్ను మూసింది.

మూడోవాడు కరియ. ఒళ్ళంతా నలుపు, చెవులు మాత్రం తెలుపు. సుంకి ఎక్కడుంటే వాడూ అక్కడే. పొద్దు వాలి ఓబులేసు పట్టీ చేతిలోకి తీసుకుంటే చాలు, దొడ్డి చుట్టూ పరుగో పరుగు. పట్టీ అంటే వాడికి అంత అసహ్యం. సుంకికీ అసహ్యమే. అది ఉంటే వాడిని వాటేసుకోవడానికి ఉండదు కదా, ముళ్ళు గుచ్చుకుంటాయి.

ఒకరోజు ఓబులేసు సంతకు బయల్దేరాడు. వెళ్తూ సుంకిని పిలిచాడు.

"పొద్దు గుంకకముందే వాని మెడకు పట్టీ కట్టు తల్లీ. మరిచిపోవాకు."

సుంకి సరేనంది. సాయంత్రమైంది. పట్టీ చూడగానే కరియ కుయ్యిమంటూ ఆమె ఒళ్ళో తల దూర్చాడు. సుంకి మనసు కరిగిపోయింది. ఒక్క పూటే కదా అనుకుంది. పట్టీని గుడిసెలో మేకుకు తగిలించి వచ్చి, వాడిని వాటేసుకుని కూర్చుంది. నువ్వైనా అదే చేసేదానివి, నాకు తెలుసు.

అప్పుడు ముందుగా గొర్రెలు నెమరు వేయడం మానేశాయి. ఒక్కటీ కదల్లేదు. ఆ తర్వాత బండల మీది తీతువు పిట్ట అరుచుకుంటూ లేచిపోయింది. ఆ తర్వాత కరియ లేచి నిలబడ్డాడు. మొరగలేదు. అదే భయం చిన్నీ, ఆకు కదిలినా మొరిగే కుక్క మొరగలేదు. వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని దొడ్డి చుట్టూ వేసిన ముళ్ళకంప వైపే చూస్తున్నాడు.

సుంకీ చూసింది. కంప వెనక, నేలకు ఆనుకుని, రెండు కళ్ళు.

సుంకికి ఎర్రోడు గుర్తొచ్చాడు. కరియని లోపలికి లాగితే రాలేదు, గొర్రెల్ని వదిలి వస్తాడా మరి. అప్పుడు సుంకి గుడిసెలోకి పరిగెత్తి పట్టీ అందుకుంది. పొయ్యి దగ్గర సంకటి గెలుకుతున్న కాటమ్మ ఏమైందని అడిగింది. సుంకి కంప వైపు వేలు చూపించి మళ్ళీ బయటికి ఉరికింది.

ఒకసారి కట్టబోయింది, తొందరలో పట్టీ జారిపోయింది. రెండోసారి ముల్లు అరచేతిలో దిగింది. ఆ కళ్ళు ఇంకా దగ్గరికొచ్చాయి. అప్పుడేమైందో తెలుసా? రోజూ పారిపోయే కరియ తనే తల వంచాడు. మెడ ఆమె చేతుల్లో పెట్టి కదలకుండా నిలబడ్డాడు. మూడోసారి కొక్కెం పడింది.

పడిందో లేదో, మచ్చలది దూకింది. కరియ సుంకిని పక్కకు నెట్టి ఎదురెళ్ళాడు. దుమ్ములో రెండూ కలిసిపోయాయి. ఏ అరుపు ఎవరిదో తెలియలేదు. కాటమ్మ మండే కొరివి పట్టుకుని కేకలు పెడుతూ వచ్చింది. అంతలో మచ్చలది గట్టిగా అరిచి, కంప దాటి, కొండలోకి పోయింది. పట్టీ ముళ్ళకు దాని నెత్తురు.

కరియ కుంటుకుంటూ వచ్చాడు. ఒక తెల్ల చెవి చీలింది. మెడ మీద ఒక్క గీత లేదు. సుంకి వాడిని పట్టీతో సహా వాటేసుకుంది. ముళ్ళు దిగుతున్నా వదల్లేదు.

"గుచ్చుకోనీలేరా, నువ్వుంటే చాలు," అని ఏడ్చింది.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం సుంకే పట్టీ కట్టేది. వాడు పరుగెత్తడం మానేసి, వచ్చి తల వంచేవాడు. తెల్లారగానే విప్పేసి, అప్పుడు వాటేసుకునేది.

ఏమిటి, బయట ఆ చప్పుడా? మన జూలుగాడు మొరుగుతున్నాడమ్మా. వాడు మొరుగుతున్నంతసేపూ మనకేం భయం లేదు. కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
గొర్రెలు మందకి,
కుక్కేమో గుమ్మానికి,
చిన్ని నిద్దరకి.