వరహాలమ్మ గారి ఏడు సెకన్లు

సన్యాసిరావు గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, స్కూటర్ తాళం తీస్తారు. విశాఖపట్నంలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. పేరుకి సన్యాసి గానీ, ఆయన చేసే పని జనం ఇళ్ళలో సినిమాహాళ్ళు పెట్టడం. గోడంత టీవీ, మూల మూలకీ స్పీకర్లు, వాటి కింద నల్లటి పెట్టెలు, పెట్టెకొక రిమోట్. ఆ రిమోట్లన్నీ చేసే పనిని ఒకే ఒక్క రిమోట్‌తో చేయించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

ఆయన శిష్యురాలు నూకరత్నం. ముప్పైమూడేళ్ళ మనిషి, ఐదేళ్ళు ఆయన వెంట తిరిగి పని నేర్చుకుని ఈ మధ్యే ఇళ్ళకి ఒంటరిగా వెళ్తోంది. ఆ బుధవారం సాయంత్రం షాపులో ఆమె రెండు చేతుల్లో రెండు రిమోట్లు పట్టుకుని, ముళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడి అడిగింది.

"గురువుగారూ, బజార్లో ఇన్ని రకాల రిమోట్లున్నాయి కదండీ. ఏ ఇంటికి ఏది సరైనదో ఎలా తెలుస్తుంది?"

అడిగింది రిమోట్ సంగతే గానీ, ఆమె మనసు నిండా ఉన్నది వరహాలమ్మ గారు.

వరహాలమ్మ గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పైయేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఊళ్ళో సగం నంబర్లు ఆవిడ నాలుక చివరే ఉండేవి. సీతమ్మధారలో కొడుకూ కోడలితో ఉంటారు. కొడుకు ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టించుకుని, ఐదు రిమోట్లతో అమ్మ అవస్థ పడకూడదని, అన్నిటికీ కలిపి ఒక్కటి చేసిమ్మన్నాడు. నూకరత్నం చేసిచ్చింది. అందులో పచ్చ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, టీవీ, సెట్‌టాప్ బాక్స్, స్పీకర్లకి శబ్దం పంపే యాంప్లిఫయర్ వరసగా ఆన్ అయి, చివరికి భక్తి ఛానల్ వస్తుంది. ఆ వరసంతా పూర్తవడానికి ఏడు సెకన్లు పడుతుంది.

పది రోజుల్లో ఆ ఇంటి నుంచి మూడు ఫోన్లు. "అమ్మాయ్, నువ్వున్నప్పుడు పనిచేస్తుంది, నువ్వెళ్ళాక చెయ్యదు." ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు రోజూ వినే మాటే ఇది, విని నవ్వుకుంటారు. నూకరత్నం నవ్వుకోలేదు, పాపం, మూడుసార్లూ పరుగెత్తింది. ఆమె నొక్కితే పనిచేసింది. కొడుకు నొక్కితే చేసింది, కోడలు నొక్కితే చేసింది. పోనీ అని వరహాలమ్మ గారి చేతే నొక్కిస్తే, విచిత్రం, అప్పుడూ చేసింది! "పచ్చ బటన్ ఒక్కసారి నొక్కండి" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించి కూడా వచ్చింది. మూడోసారి మాత్రం ఓపిక చచ్చిపోయి, "అమ్మగారూ, పెట్టెల్లో ఏ లోపమూ లేదండి. మీరే ఏదో మర్చిపోతున్నారు" అనేసింది.

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే మరి. ఆ మాటకి ఆవిడ మొహం పాలిపోయింది.

"మా అక్కకీ ఇలాగే మొదలైందమ్మా," అన్నారు వరహాలమ్మ గారు. "ముందు స్టవ్ కట్టెయ్యడం మర్చిపోయింది. పోయేనాటికి కడుపున పుట్టినవాళ్ళ పేర్లు మర్చిపోయింది."

అది ఆదివారం. మంగళవారం కోడలు ఫోన్ చేసి, అత్తయ్య ఎవరితోనూ మాట్లాడడం లేదనీ, శుక్రవారానికి మెదడు డాక్టరు దగ్గర పేరు రాయించామనీ చెప్పింది. అప్పటినుంచి నూకరత్నానికి ముద్ద గొంతు దిగితే ఒట్టు. ఆవిడకి నిజంగా జబ్బే అయితే అది విధి. కాకపోతే? కాకపోతే అది తన నోటి పాపం. ఏదో ఒక కొత్త రిమోట్ తీసుకెళ్ళి ఇచ్చేస్తే ఈ పీడ వదులుతుందేమోనని ఆమె ఆశ. ఒక చేతిలో టచ్ స్క్రీన్ ఉన్నది, రెండో చేతిలో రెండే బటన్లున్నది, అందుకే పట్టుకుని నిలబడింది.

సంగతంతా విని సన్యాసిరావు గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ఆ ఇంటికి ఏ వేళకి వెళ్ళేవమ్మా?"

"ఉదయం పదకొండింటికండి. మూడుసార్లూ అప్పుడే."

"ఆవిడ టీవీ పెట్టుకునేది ఏ వేళకేటి?"

ఆ సంగతి నూకరత్నం అడగనే లేదు. కోడలికి ఫోన్ చేస్తే, సాయంత్రం ఆరున్నరకి, భక్తి ఛానల్లో స్వామి హారతి వేళకి అని చెప్పింది. సన్యాసిరావు గారు స్కూటర్ తాళం తీశారు.

ఆ ఇంటి మెట్లెక్కుతూ ఆయన చెప్పింది ఒక్కటే. "ఇవాళ నీ చేతులు నీ ఒళ్ళో ఉండాలి. ఏం జరిగినా సరే."

వరహాలమ్మ గారు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి ఉన్నారు. వచ్చినవాళ్ళని చూడగానే ఆవిడ కళ్ళలో బెదురు కనిపించింది. "మీరు చూస్తుంటే నాకు చేతులు వణుకుతాయండీ," అన్నారు. "మేం లేమనుకోండమ్మా," అన్నారు సన్యాసిరావు గారు. "మీరు రోజూ ఎలా చేసుకుంటారో అలాగే కానివ్వండి." ఇద్దరూ ఓ మూల కుర్చీల్లో ఒదిగి కూర్చున్నారు.

నూకరత్నం లోపల లెక్కలు వేసుకుంది. ఇప్పుడు రిమోట్ పనిచేస్తే అనుమానం ఆవిడ మతి మీదే ఉండిపోతుంది. చెయ్యకపోతే తన పని మీదికొస్తుంది, ఐదేళ్ళ కష్టం గురువుగారి ముందే బూడిదవుతుంది. దాచడం ఎందుకు, ఒక్క క్షణం ఆమె అది పనిచెయ్యాలనే కోరుకుంది. కోరుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది.

వరహాలమ్మ గారు రిమోట్ ఎత్తి పచ్చ బటన్ నొక్కారు. టీవీ మీద చిన్న దీపం వెలిగింది. వెలగడమే తడవు, ఆవిడ రిమోట్‌ని పక్కనున్న స్టూలు మీద, కొస సోఫా వైపుండేలా, బోర్లా పెట్టేసి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించారు. కళ్ళు తెరవగానే స్వామి కనబడాలని ఆవిడ నియమం. చేతిలో వస్తువు పెట్టుకుని దణ్ణం పెట్టడం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు. ఉదయం పదకొండింటికి హారతి ఉండదు కనుక ఆ వేళ దణ్ణమూ లేదు.

రిమోట్ కొస నుంచి కంటికి కనబడని వెలుగొకటి వస్తుంది. ఏడు సెకన్లూ అది పెట్టెల వైపే పడుతుండాలి. ఇక్కడ రెండో సెకను దాటగానే అది కాస్తా సోఫా కాళ్ళకి హుకుములు జారీ చేస్తోంది.

వరహాలమ్మ గారు కళ్ళు తెరిచారు. ఎదురుగా స్వామి లేడు. నిన్న కొడుకు చూసి వదిలేసిన కుస్తీ పోటీ వస్తోంది. ఇద్దరు బండమనుషులు ఒకడి మెడ ఒకడు పట్టుకుని తోసుకుంటున్నారు, యాంప్లిఫయర్ ఆన్ కాకపోవడంతో అదీ కిక్కురుమనకుండా. కంగారుగా ఆవిడ మళ్ళీ పచ్చ బటన్ నొక్కారు. ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే హుకుం కావడంతో టీవీ ఆరి, ఉన్న బొమ్మ కూడా పోయింది.

"చూశారుగా," అన్నారు. "మళ్ళీ ఏదో మర్చిపోయాను."

ఇక నూకరత్నం ఆగలేకపోయింది. "అయ్యో, అది కాదండీ! మీరు ఏడు సెకన్లు రిమోట్‌ని అలా ఎత్తే పట్టుకుని, ఆ తరవాత దణ్ణం..."

సన్యాసిరావు గారు చిన్నగా దగ్గారు. "దణ్ణాన్ని వెనక్కి జరపమంటావేటమ్మా?" అన్నారు.

ఆమె సంచీ తెరిచింది. అందులో ఇంకో రిమోట్ ఉంది. చూడ్డానికి మోటుగా ఉంటుందని షాపులో పక్కన పడేసి, ఎందుకైనా మంచిదని సంచీలో వేసుకుంది. దాన్ని దేనికీ గురిపెట్టనక్కర్లేదు. బోర్లా పెట్టినా, దిండు కింద దూర్చినా, దాని మాట రేడియోలా వెళ్ళి పెట్టెల మధ్య పెట్టే చిన్న డబ్బాకి, అంటే దాని జోడీకి అందుతుంది, అది పెట్టెలకి చేరవేస్తుంది. పాత రిమోట్లని ఒక్కొక్కటే తెచ్చి ఆ జోడీకి ముఖాముఖి పెట్టి, ఏ పెట్టెకి ఏ భాషో నేర్పింది. ఆన్ చెయ్యడం వేరు, ఆఫ్ చెయ్యడం వేరు చేసి, కంగారులో రెండుసార్లు నొక్కినా ఆరిపోకుండా కట్టింది. అంతా అయ్యేసరికి రెండు గంటలు పట్టింది.

"ఏదీ అమ్మగారూ, ఒక్కసారి," అంది.

వరహాలమ్మ గారు నొక్కారు. బోర్లా పెట్టారు. కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. కళ్ళు తెరవకముందే గదంతా గంటలు మోగాయి. హారతి ఎప్పుడో అయిపోయి పవళింపు సేవ నడుస్తోంది. ఆవిడ కళ్ళు తెరిచి స్వామిని చూశారు, కాస్త నవ్వారు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు మీరున్నారు కదమ్మా," అన్నారు. "మీరెళ్ళాక ఏమవుతుందో."

రిమోట్ బాగుపడింది, ఆవిడ భయం అక్కడే ఉంది. నూకరత్నం గురువుగారి వైపు చూసింది. ఆయన గుమ్మం దగ్గర గోడ పట్టుకుని చెప్పులు వేసుకుంటున్నారు. ఒక చెప్పు వేసుకోడానికి మనిషికి అంతసేపు పట్టదు.

ఆమె వెళ్ళి వరహాలమ్మ గారి ముందు నేల మీద కూర్చుంది.

"అమ్మగారూ, మీరేమీ మర్చిపోలేదండి. ఇవాళా మర్చిపోలేదు, మొన్నా మర్చిపోలేదు. పాతది నేను నా చేతికి తగ్గట్టు కట్టాను. మీ చెయ్యి ఎలా ఆడుతుందో చూడలేదు. చూడకుండానే ఆ మాట అనేశాను. తప్పంతా నాది."

వరహాలమ్మ గారికి వచ్చింది కోపం. రాదూ మరి!

"మూడు రాత్రులమ్మాయ్! మూడు రాత్రులు నా సొంత కొడుకు పేరు నాలో నేను వల్లించుకుంటూ పడుకున్నాను, తెల్లారేసరికి గుర్తుంటుందో లేదోనని. తెలుసా నీకు?"

నూకరత్నం తలొంచుకుని ఏడ్చింది. చూసి చూసి ఆవిడే ఆమె భుజం తట్టి, "సర్లే, లే," అన్నారు. లోపలికెళ్ళి ఆస్పత్రి వాళ్ళిచ్చిన చీటీ తెచ్చి సన్యాసిరావు గారి ముందు పెట్టారు.

"పెద్దవారు మీరు చెప్పండి. శుక్రవారం వెళ్ళమంటారా, మానమంటారా?"

సన్యాసిరావు గారు చెయ్యి చాపారు.

"ఇలా ఇవ్వండమ్మా. ఆ పక్క గదిలో కళ్ళ డాక్టరుంటే, చూడని ఈ అమ్మాయీ, చూడ్డం నేర్పని నేనూ చూపించుకుంటాం."