పీలిక

ఎర్రగుండు అనే పెద్ద బండరాయికీ వాగుకీ మధ్య ఉన్న మోదుగు అడవిలో పడమర పక్క పందులు, తూర్పు పక్క కుందేళ్లు కాపురం ఉండేవి. ఇరుగుపొరుగు అన్నాక గొడవలుంటాయి కదా, వీళ్లకూ ఉండేవి. "మీవాడు మా గరిక తొక్కాడు" అని ఒకరు, "మీ పిల్ల మా దుంప కొరికింది" అని ఇంకొకరు. తెల్లారితే ఇదే భాగోతం.

ఆ అడవికి పెద్ద దిక్కు దున్నయ్య అనే అడవిదున్న. ఎవరి నేలలో దొంగ పడితే వాళ్లే "మా నేలలో దొంగ!" అని కేక వేయాలి, ఆయన వచ్చి తొక్కేస్తాడు. నేల తనది కానివాడు గొంతు చించుకున్నా కదలడు. వెనకోసారి ఎవరో ఉత్తుత్తి కేక వేస్తే పరుగెత్తి, ఏ పాపం ఎరగనివాడి గూడు కూల్చాడట. అప్పటినుంచీ ఈ పట్టింపు. ఇంకో మాటా అనేవాడు: "గుండు దగ్గర మొదలైన గీత వాగు నీళ్లు తాకాలి. తాకేదాకా అది హద్దు కాదు, ఉత్త గీకుడు."

అప్పట్లో ఇద్దరికీ హద్దు ఒక్క గీతే. వానలు వెలిశాక పందొకటి, కుందేలొకటి గుండు నుంచి వాగు దాకా దానికి చెరో పక్కా నడుస్తూ మళ్లీ గీకేవాళ్లు. "ఎడమ ఎవరు?" "పందులం!" "కుడి ఎవరు?" "కుందేళ్లం!" అని అరుచుకుంటూ పోయేవాళ్లు. సగం దారిలో తగాదా తప్పేది కాదనుకోండి.

ఓ ఏడు ఆ తగాదా మధ్యలోకి నక్క కొలతలయ్య తగుదునమ్మా అని వచ్చాడు.

"ఒక్క గీతకు ఇద్దరు యజమానులైతే కొట్టుకోక ఏం చేస్తారర్రా? ఎవరి గీత వాళ్లు గీసుకోండి. కాస్త లోపలికి జరిగి గీసుకుంటే ఎవరి జోలీ ఎవరికీ ఉండదు. ఆ అరుపులూ అక్కర్లేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోనూ అక్కర్లేదు."

"ఇదేదో బాగుంది!" అన్నాడు పందుల పెద్ద ఘుర్రప్ప.

కుందేళ్ల తరఫున గీయడానికొచ్చిన తుర్రమ్మకూ నచ్చింది. అబద్ధమెందుకు, ఘుర్రప్ప మొహం చూడక్కర్లేదంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పాత గీతకు తూర్పుగా గీకుతూ పోయింది. వాగు దగ్గరికొచ్చేసరికి అంతా బురద. కుందేలు కాలికి బురదంటే రోత. "చాల్లే, ఎవరు చూడొచ్చారు" అనుకుని, నీళ్లకు జానెడు ఇవతలే ఆగి వెనక్కి తిరిగింది. ఘుర్రప్ప పడమరగా తన గీత తాను గీసుకున్నాడు. పాత గీత వానకు కొట్టుకుపోయింది. రెండు కొత్త గీతల మధ్య తుమ్మపొదలతో సన్నటి నేల, చింపిన గుడ్డ పీలికలాగా, మిగిలిపోయింది.

నాలుగో రోజు సాయంత్రం తుర్రమ్మ చెల్లెలి పిల్ల మాయమైంది. "మా నేలలో దొంగ!" అని కుందేళ్లన్నీ గగ్గోలు పెట్టాయి. దున్నయ్య దుమ్ము రేపుకుంటూ వచ్చేసరికి కొలతలయ్య తుమ్మపొదల్లో కూర్చుని మూతి నాక్కుంటున్నాడు.

"అయ్యా, నేను కుందేళ్ల నేలలో లేను. పందుల నేలలోనూ లేను. కావాలంటే గీతలు చూసుకోండి."

దున్నయ్య గీతలు చూశాడు. "తుర్రమ్మా, వాడున్న చోటు మీదేనా?"

"కాదు తాతా" అంది తుర్రమ్మ.

"ఎవరిదీ కాని చోట నేను కాలు పెట్టనమ్మా. ఒట్టు." ముసలాయన తల దించుకుని వెళ్లిపోయాడు.

ఇక చూడండి కొలతలయ్య ఆటలు. ఒక్క దూకుతో గీత దాటడం, పిల్లను నోట కరచుకోవడం, కేక దున్నయ్యకు అందేలోపు పీలికలో పడటం. చెల్లెలి రెండో పిల్లా పోయింది. గడ్డి కదిలితే చాలు, కుందేళ్లు బొరియల్లోకి దూరేవి. తల్లులు మేత మానేశారు. తుర్రమ్మకున్నది ఒక్కగానొక్క బిడ్డ, బూరుగు. దాన్ని పొట్టకింద దాచుకుని పగలంతా కళ్లు మూయకుండా కూర్చునేది.

ఓ మధ్యాహ్నం పొదల్లోంచి మెత్తగా మాట వినబడింది. "తుర్రమ్మ వదినా! బూరుగు ఒళ్లు చేసినట్టుందే. రేపు పొద్దు వాలేలోగా వస్తాలే."

తుర్రమ్మ పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మర్నాడు పొద్దున్నే పిల్లను చెల్లెలికప్పగించి, తప్పెక్కడుందో చూద్దామని గుండు నుంచి తన గీత వెంట నడవసాగింది. భయానికి తోడుగా నోటికి పాత అరుపే వచ్చింది.

"కుడి ఎవరు? కుందేళ్లం. ఎడమ ఎవరు?"

పందులందామంటే పందులెక్కడో పొదలకవతల ఉన్నాయి. అడుగడుక్కీ అడిగింది. అడుగడుక్కీ ఎడమన పేరే లేదు. పొదల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తుర్రమ్మ వెనక్కి చూడకుండా పరుగు పెట్టి ఘుర్రప్ప ముందు పడింది.

"అన్నా, మళ్లీ ఒక్క గీతే పెట్టుకుందాం!"

"అమ్మ దొంగా! నా దుంపల మీద పడ్డాయా నీ కళ్లు? మా పిల్లలు బానే ఉన్నారు, పో."

"నీ జానెడు నేల నాకొద్దన్నా. ఆ పీలిక మొత్తం నువ్వే తీసుకో. నీ గీత చెరిపేసి, నా గీతే నీ గీత అనుకో. అంతే."

ఘుర్రప్ప తవ్వుతున్న ముట్టె పైకెత్తాడు. "మొత్తమా? దుంపలతో సహా?"

"దుంపలతో సహా. కేక మాత్రం నువ్వే వేయాలి."

"ఓస్, అంతేనా!" ఘుర్రప్ప లగెత్తుకెళ్లి తన గీతను గుండు దగ్గర్నుంచి పెళ్లగించుకుంటూ వాగు దాకా వచ్చేశాడు. అంతలో తూర్పునుంచి చెల్లెలి కేక.

"అక్కా! బూరుగు!"

తుర్రమ్మ ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలీదు. వాగొడ్డున, పీలిక చివర, కొలతలయ్య కాలికింద బూరుగు గిలగిల్లాడుతోంది.

"వదలరా! ఇది ఇప్పుడు పందుల నేల!"

కొలతలయ్య పడమటి గీత కోసం చూశాడు. లేదు. ఒక్క క్షణం చెవులు రిక్కించాడు. తర్వాత తూర్పు గీతను చూసి పళ్లన్నీ బయటపెట్టాడు. "వదినా, నీ గీత వాగును తాకిందటే? ఇంకా జానెడుంది. ఇది హద్దే కాదు. నేనింకా ఎవరి నేలలోనూ లేను."

కేక వేయబోయిన ఘుర్రప్ప నోరు అలాగే ఉండిపోయింది.

తుర్రమ్మ ఆ జానెడు వంక చూసింది. నల్లటి బురద. దాని పక్కనే నక్క నోరు. వెనక్కి పొమ్మని కాళ్లు మొత్తుకున్నాయి. "బూరుగూ, కళ్లు మూసుకోవే" అంది, బురదలోకి దూకింది. నక్క పళ్లు భుజాన్ని చీరాయి. అయినా రెండు చేతులా గీకింది, గీకింది. గాడిలోకి వాగు నీళ్లు బుడబుడమని వచ్చాయి.

"ఎడమ ఎవరు?" అని ప్రాణం పెట్టి అరిచింది.

"పందులం!" అడవి అదిరేలా అరిచాడు ఘుర్రప్ప. "మా నేలలో దొంగ!"

ఆ కేకతోనే భూమి కంపించసాగింది. కొలతలయ్య పిల్లను వదిలేసి గీత దాటి తూర్పుకు దూకాడు. "మా నేలలో దొంగ!" అన్నాయి కుందేళ్లు. మళ్లీ పడమరకు దూకాడు. "మా నేలలో దొంగ!" అన్నాయి పందులు. ఎవరిదీ కాని చోటు కోసం గీత మీదే నిలబడబోయాడు. నాలుగు కాళ్లూ పట్టేంత వెడల్పు లేదు దానికి. దున్నయ్య రానే వచ్చాడు. ఆ తర్వాత అక్కడ కొలవడానికి ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడు గీత వెంట తుర్రమ్మ, ఘుర్రప్ప మళ్లీ చెరో పక్కా నడిచారు, సగం దారిలో దుంపల గురించి పోట్లాడుకున్నారు కూడా. బురద వచ్చేసరికి బూరుగే ముందుగా దిగింది.

పొరుగువాడితో పడక రెండు గీతలు గీసుకుంటే, ఆ రెంటి మధ్యా కాపురం పెట్టేది మన శత్రువే.