ఏనుగు గుండుకు తలస్నానం

నెమలిగట్టు రాజు చెన్నభూపతికి మధ్యాహ్నం నిద్రంటే ప్రాణం. ఆ వేసవిలో ఆ నిద్రకే కరువొచ్చింది. పొద్దున నిప్పులు చెరిగే ఎండ, అన్నం వేళకు గాలిదుమారం, ఆపైన ఉరుములు. చినుకు మాత్రం రాలదు. వీటి మధ్య కాస్త కన్నంటుకుందో లేదో, కొండమీద రాళ్లు కొట్టేవాళ్ల సమ్మెటలు ఠంగుఠంగుమనేవి.

ఒకరోజు రాజుకు చిర్రెత్తుకొచ్చింది.

"రేపటినుంచి కొండమీద సమ్మెట లేవకూడదు! చప్పుడు లేకుండా రాయి చీల్చగలిగితే ఉండమనండి. లేదంటే మూటాముల్లె సర్దుకోమనండి!"

రాజు తుమ్మినా అది శాస్త్రంలో ఉందనే ఆస్థాన సిద్ధాంతి వాచస్పతి తల ఊపాడు. "భేషైన ఆజ్ఞ ప్రభూ! సమ్మెట లేకుండా రాయి చీల్చడం ఆ బ్రహ్మదేవుడివల్ల కూడా కాదు."

రాజు వెనక గొడుగు పట్టే ఓబన్న చటుక్కున ముందుకొచ్చాడు. రాళ్లు కొట్టేది అతని అత్తవారి మనుషులే. నలభై ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ కొండవల్లే.

"దొరా, రేపు పొద్దుగూకేలోగా కొండమీది ఆ పెద్ద బండ, ఏనుగు గుండు, సమ్మెట లేకుండా రెండుగా చీలుతుంది. చీలకపోతే నేనూ వాళ్లతోనే పోతాను" అనేశాడు.

సభంతా పకపకా నవ్వింది.

ఓబన్నది ఉత్త ధీమా కాదు. అతని మామ గంగులప్ప నాలుగు రోజులుగా ఆ గుండు వీపున వరసగా రంధ్రాలు తొలిచి, ఎండిన కర్ర చీలలు బిగించి ఉంచాడు. వాటికి నీళ్లు తాగిస్తే చాలు, కర్ర ఉబ్బి రాయిని చీల్చేస్తుంది. వాళ్ల తాతలనాటి పద్ధతి అది. కాని కొండమీది నీటి దొరువు ఎండిపోయింది. కోట బావిలో నీళ్లు తోడాలంటే సిద్ధాంతి అనుమతి కావాలి.

మర్నాడు పొద్దున్నే నల్లటి మబ్బు పట్టింది. ఓబన్న సంబరంగా చిందులేశాడు. అంతలో గాలి వచ్చి మబ్బును ఎత్తుకుపోయింది. మళ్లీ పట్టింది, మళ్లీ పోయింది. మధ్యాహ్నందాకా అదే వరస.

"మబ్బు కూడా సిద్ధాంతి జట్టేనా అల్లుడూ!" అని గంగులప్ప నెత్తి కొట్టుకున్నాడు.

ఆ మాటతో ఓబన్న మొహం వెలిగిపోయింది. ఒక్క పరుగున సిద్ధాంతి ఇంటికి వెళ్లి కాళ్లమీద పడ్డాడు.

"స్వామీ, ఒక్క సాయం చెయ్యండి! గుండు ఎండకు కుతకుతలాడుతోంది. సాయంత్రానికి దానంతటదే పగులుతుంది. దయచేసి దానిమీద ఎవర్నీ నీళ్లు పోయనివ్వకండి. చల్లబడిందంటే నా కొంప మునుగుతుంది!"

"అలాగేలేరా, వెళ్లు" అన్నాడు సిద్ధాంతి మీసాల్లో నవ్వుకుంటూ.

కాసేపట్లోనే ఇరవైమంది కోట బావినుంచి కడవలెత్తుకుని కొండెక్కారు. ముందు సిద్ధాంతి, పంచె ఎగ్గట్టి. "రాజుగారి క్షేమం కోసం జలాభిషేకం! పొయ్యండి!"

"ఈ పుల్లలేమిట్రా?" అని మధ్యలో అడిగాడు.

"బల్లులు దూరకుండా పెట్టాం సామీ" అన్నాడు గంగులప్ప వినయంగా.

ఓబన్న రొమ్ము బాదుకుంటూ, "అయ్యో, చల్లబడిపోతోందే!" అని అరిచాడు. అతను అరిచినప్పుడల్లా ఇంకో పది కడవలు వచ్చాయి.

పొద్దు వాలుతుండగా రాజు వచ్చాడు. చాలా రోజులకు కంటినిండా నిద్రపోయిన మొహం. ఓబన్న వెళ్లి వెనక గొడుగు పట్టాడు. తడిసి ముద్దయిన సిద్ధాంతి గుండుమీద నిలబడి కాలితో తట్టి చూపించాడు. "చూడండి ప్రభూ, ఎంత చల్లగా, ఎంత గట్టిగా..."

కిర్రుమంది. గుండు నెమ్మదిగా రెండుగా విడిపోయింది. సిద్ధాంతి కాలు ఒకటి ఈ ముక్కమీద, ఇంకోటి ఆ ముక్కమీద!

రాజు నోరు వెళ్లబెట్టాడు. "ఒరే ఓబన్నా, ఎలా చీల్చావురా?"

"నేనెక్కడ చీల్చాను దొరా? మధ్యాహ్నంనుంచీ ఒళ్లు హూనం చేసుకుని చీల్చింది సిద్ధాంతిగారు. నేను గొడుగు పట్టానంతే!"

గంగులప్ప ఉబ్బిన చీలను చూపించి సంగతంతా చెప్పాడు. రాజు తలపాగా జారిపోయేలా నవ్వాడు. చేతి కడియం తీసి ఓబన్నకు తొడిగి, "కొండ మీవాళ్లదేరా! నా నిద్రవేళ నీళ్లపని, మిగతా వేళ సమ్మెటపని!" అన్నాడు.

అప్పుడు, పొద్దుటినుంచీ ఊరించిన వాన దబదబా అందుకుంది. ఓబన్న గొడుగును రాజు తలమీదికి వంచాడు.

"నాకెందుకురా?" అన్నాడు రాజు, నవ్వాపుకోలేక. "వెళ్లి సిద్ధాంతిగారికి పట్టు. ఇవాళ్టికి ఆయనకు నీళ్లు చాలు!"