గాలి రోజున పోయే ఫ్యూజు

సువార్తకు ఆ పెట్టె అంతుపట్టలేదు.

రేవులో వైర్‌లెస్ గది ఉంది. వేటకెళ్ళిన పడవలతో ఒడ్డువాళ్ళు మాట్లాడేది అక్కణ్ణుంచే. రేడియోకి కరెంటు అందించే పవర్ సప్లైలో, గాలి రేగిన రోజున ఫ్యూజు టప్పున పోతుంది. సరిగ్గా పడవలకు ఒడ్డు గొంతు కావలసిన రోజునే. అదే పెట్టెను రిపేరు షాపుకు తెచ్చి, రేడియో లాగేంత లోడూ తగిలించి బల్ల మీద పెడితే, పొద్దంతా నిక్షేపంగా నడుస్తుంది.

అనుమానం వచ్చిన ప్రతి పార్టూ మార్చేసింది. రేవులో మళ్ళీ పోయింది. ఇప్పుడు మళ్ళీ షాపు బల్ల మీదికే వచ్చింది. ఇవాళ సాయంత్రం వాయుగుండం గాలులు వస్తాయంటున్నారు. ఆమె అన్న దావీదు పడవ సముద్రం మీదే ఉంది.

"ఇక లాభం లేదు ఉస్తాద్. మందం ఫ్యూజు వేసేస్తాను. ఎలా పోతుందో చూస్తా."

నాగూర్ మీరా ఆమెకు పని నేర్పిన గురువు. మాట తక్కువ మనిషి. ఆమె చేతిలోని మందం ఫ్యూజు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"పొద్దుట్నుంచీ నడుస్తూనే ఉంది, చూడండి. దీంట్లో ఏ లోపమూ లేదు!" అంది సువార్త ఉక్రోషంగా.

ఆయన చెయ్యి చాచి స్విచ్చి ఆపాడు. ఊపిరి పీల్చి వదిలినంతసేపు ఆగి, మళ్ళీ వేశాడు.

టప్.

సువార్త గబుక్కున పెట్టె మీదికి వంగింది.

"కొత్తది పెట్టు. వెంటనే స్విచ్చి వెయ్యకు. టీ తాగుదాం."

తాగారు. ఆమె బెరుగ్గా స్విచ్చి వేసింది. పెట్టె హాయిగా నడిచింది.

సువార్త చూపు, కరెంటు లోపలికొచ్చే దారిలో ఉన్న చిన్న నల్లటి బిళ్ళ మీద నిలిచిపోయింది. థర్మిస్టరు. చల్లగా ఉన్నప్పుడు, స్విచ్చి వెయ్యగానే దూసుకొచ్చే కరెంటు ఉరవడిని నిలువరిస్తుంది. వేడెక్కాక దారి వదిలేస్తుంది. గాలికి తీగలు తగులుకుని కరెంటు పోయి వెంటనే వస్తే, బిళ్ళ ఇంకా వేడిగానే ఉంటుంది. ఉరవడంతా ఫ్యూజు మీదే పడుతుంది.

ఆమె చటుక్కున లేచింది. టైమర్ రిలే ఒకటి వెతికి తెచ్చి బిగించింది. కరెంటు తిరిగి వచ్చినా, బిళ్ళ చల్లారేదాకా దాన్ని పెట్టెలోకి రానివ్వదది.

సాయంత్రం పెట్టె తిరిగి రేవు చేరేసరికి గాలి లేచింది. వైర్‌లెస్ గది జనంతో కిక్కిరిసింది. దీపాలు ఆరి, మరుక్షణం వెలిగాయి. రేడియో మాత్రం వెలగలేదు.

"మళ్ళీ పోయిందిరా దేవుడా!" అన్నాడు రేవు పెద్ద సోమయ్య. అందరూ సువార్త వైపు తిరిగారు.

ఆమె కదల్లేదు. "ఆగండి పెదనాన్నా."

ఎవరో గట్టిగా నిట్టూర్చారు. నాగూర్ మీరా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

టిక్‌మంది రిలే. పచ్చదీపం వెలిగింది. గరగరల్లోంచి దావీదు గొంతు తేలింది: "రేవు... రేవు... వినబడుతోందా?"

గది దద్దరిల్లింది. సోమయ్య ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఏం చేశావే అమ్మాయ్!"

"ఏం లేదు పెదనాన్నా, దీంట్లో థర్మిస్టరని ఒకటి..." అంటూ ఆమె మెరిసే కళ్ళతో మొదలుపెట్టింది.

నాగూర్ మీరా మైకు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు వాళ్ళకి బదులు చెప్పమ్మా."

సువార్త మీట నొక్కింది. "వినబడుతోందన్నా. రేవు పలుకుతోంది. అందరూ వచ్చెయ్యండి."