కర్త లేని వాక్యం

మబ్బులు కోట బురుజుల మీద వాలి కునుకుతీసే మేఘగిరి అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలే నరేంద్రభూపతికి ఉన్నట్టుండి ఇంగ్లీషు వ్యాకరణం పిచ్చి పట్టుకుంది. నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని, పేరుకు బదులు నిలబడే మాట ప్రొనౌన్ అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు. అప్పజెప్పలేనివాళ్ళు ఆ పూటంతా నిలబడాల్సిందే.

ఒకనాడు ముసురు పట్టింది. కొలువుకూటంలో సాంబ్రాణి పొగ కమ్ముకుని, మనుషులు నీళ్ళలో నీడల్లా కనిపిస్తున్నారు. రాజు నేల మీద చెదిరిన గాజుముక్కలు చూపిస్తూ, ఉయ్యాల మీద నుంచే తీర్పు చెప్పాడు.

"మా గాజు నెమలి పగలగొట్టబడింది. రోజూ దాన్ని తుడిచేది వరాలు. పొద్దు వాలేలోగా ఆ దాసి కోట విడిచి పోవాలి."

వరాలు కోటలోనే పుట్టి, కోటలోనే తల నెరిసిన దాసి. "నేను ముట్టుకోలేదు దొరా. బయట నాకెవరున్నారు?" అంది మెల్లగా.

తెల్లదొరల మాటలు రాజుకు తెలుగులో చెప్పే దుబాసీ ఎల్లమంద అక్కడే ఉన్నాడు. అతనికి ఆ తీర్పు ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది. చెట్టు పూస్తే 'మేము పూయించాం', వాన పడితే 'మేము కురిపించాం' అనే ప్రభువు, ఈ ఒక్క మాటలో 'మేము' అనలేదేం?

దగ్గరికి వెళ్ళి ఉయ్యాల గొలుసు పట్టుకుని నెమ్మదిగా ఊపసాగాడు. "ప్రభూ, ఈ పాసివ్ వాయిస్ నాకింకా పట్టుబడలేదు."

రాజు ముఖం విప్పారింది. "పని చేసినవాణ్ణి వెనక్కి నెడితే పాసివ్. ముందుకు తెస్తే యాక్టివ్. ఏ వాక్యమైనా ఇవ్వు, తిప్పేస్తాం."

"కోయిల చేత పాట పాడబడింది."

"కోయిల పాట పాడింది."

"వాన చేత కొండ తడపబడింది."

"వాన కొండను తడిపింది." రాజు కళ్ళు మూతలు పడుతున్నాయి. చూరు నీళ్ళ చప్పుడు జోలపాటలా ఉంది.

"గాజు నెమలి పగలగొట్టబడింది."

"మేము గాజు నెమలిని పగలగొట్టాం," అన్నాడు రాజు, కలలో పలికినట్టు.

ఎల్లమంద ఉయ్యాల ఆపాడు. రాజు కళ్ళు తెరిచాడు. కొలువంతా తననే చూస్తోంది.

"నీ వాక్యంలో కర్త లేడు. అందుకని ఊరికే ఒక ప్రొనౌన్ పెట్టాం," అన్నాడు తడబడుతూ.

"ప్రొనౌన్‌ను పెట్టింది ఇప్పుడు కాదు ప్రభూ. తమరి పేరు ఉండాల్సిన చోట ఇందాకటి నుంచీ వరాలు నిలబడి ఉంది."

రాజు కాసేపు తల దించుకున్నాడు. తర్వాత మీసాల చాటున నవ్వు మొదలై, ఉయ్యాల గొలుసులు గలగలలాడేదాకా పెరిగింది.

"కర్ర తిప్పుతూ పాఠం వల్లెవేస్తుంటే నెమలికి తగిలింది ఎల్లమందా. ఒప్పుకోవడానికి సిగ్గేసింది." తన శాలువా తీసి దుబాసీకి కప్పాడు. వరాలికి చేతి కడియం ఇచ్చాడు.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, నేల మీద గాజుముక్కలు ఏరబోయింది.

"ఆగు వరాలూ," అన్నాడు రాజు ఉయ్యాల దిగుతూ. "అవి మేము ఎత్తుతాం."