పలకని ట్రంపెట్లు

ఆషాఢమాసం మొదలై పద్దెనిమిది రోజులైంది. కాళహస్తాచారికి ఇంకా ట్రంపెట్టు దొరకలేదు.

అదేమీ దొరకని వస్తువు కాదు. గుంటూరులో ఏసుపాదం కొట్టు నిండా అవే. ఎత్తేసిన బ్యాండ్ మేళాల సామానంతా తిరిగి తిరిగి చివరికి ఆ కొట్టుకే చేరుతుంది. నరసరావుపేటలో బస్సెక్కితే గంటన్నర. ఈ పద్దెనిమిది రోజుల్లో ఆచారి అయిదుసార్లు వెళ్లొచ్చాడు. అయిదుసార్లూ చేతులూపుకుంటూనే దిగాడు.

ఆచారి కంసాలి. నలభై నిండాయి. పదిహేనో ఏట తండ్రి కుంపటి ముందు కూర్చోబెడితే, ఇప్పటిదాకా లేచింది లేదు. ఊళ్లో పెళ్లి ఊరేగింపులన్నీ అతని కొట్టు ముందునుంచే పోతాయి. మేళం వినబడగానే పని ఆపి గుమ్మంలోకి వచ్చేవాడు. అందరూ పెళ్లికూతురి కోసం చూస్తే, అతను ముందు వరసలో మెడ పైకెత్తి ట్రంపెట్టు ఊదే దస్తగిరి మాస్టారి కోసం చూసేవాడు. ఉన్నవి మూడే మూడు మీటలు. వాటిలోంచి అన్నేసి పాటలు ఎట్లా వస్తాయన్నది అతనికి చిన్నప్పటినుంచీ తీరని సందేహం. ఒక్క పెళ్లికైనా ఆ వరసలో నడవాలని కోరిక. సిగ్గేసి భార్యకు కూడా చెప్పుకోలేదు.

ఈ ఏడు చెప్పుకోక తప్పలేదు. బ్యాండువాళ్లకు పాఠం చెప్పే తీరిక ఆషాఢంలోనే, పెళ్లిళ్లుండవు గనక. శ్రావణం వచ్చిందంటే మాస్టారు ఇంట్లో దొరకరు. పైగా ఆయన ముందు పళ్లు రెండు కదలడం మొదలైంది. ట్రంపెట్టు ఊదేవాడికి ముందు పళ్లు పోతే పెదవికి ఆనిక ఉండదు, ఊదడం అక్కడితో సరి. అందుకని పాఠాలు చెప్పడం ఈ ఆషాఢంతో ఆఖరని మాస్టారు ఊరందరికీ చెప్పేశారు. ఆ మాట విన్న రాత్రి ఆచారికి నిద్ర పట్టలేదు. తెల్లారి తాంబూలం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు.

"మాస్టారూ, మీకు ఎక్కువ శ్రమ పెట్టను" అన్నాడు. "ఊదడం నాకు కొత్తకాదు. పాతికేళ్లుగా కుంపటి ఊదుతున్నా. ఇటు ముక్కుతో పీలుస్తూ అటు నోటితో వదులుతా, దమ్ము తెగదు. ఆ మూడు మీటల మీద వేళ్లు ఎట్టా వెయ్యాలో చెప్పండి, చాలు."

మాస్టారు తాంబూలం అందుకున్నారు.

"ట్రంపెట్టు తెచ్చుకో" అన్నారు.

"కొత్తవాడికి ఎట్టాంటిది మంచిది మాస్టారూ?"

"పలికేది."

"అంతేనా?"

"అంతే. నీ నోట పలికినదాన్ని తెచ్చుకో. మర్నాటినుంచి కూర్చుందాం."

ఇంత తేలికా అనుకుని ఆచారి సంబరంగా బస్సెక్కాడు.

కొట్టులో తొమ్మిది ట్రంపెట్లున్నాయి. ఒక్కొక్కటీ దించి ఒళ్లో పెట్టుకున్నాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అతుకుల మీద వేలు పోనిచ్చి కళ్లు మూసుకున్నాడు. "ఇది అతికినవాడెవడో గాని మంచి పనివాడు" అని ఒకదాన్ని మెచ్చుకున్నాడు. ఇంకోదాంట్లో రాగి పాలు తగ్గిందన్నాడు. ఏ మీట జారుతోందో, ఏది పట్టేస్తోందో నొక్కకుండానే చెప్పేటట్టున్నాడు. ఏసుపాదం నోరు తెరుచుకుని విన్నాడు.

తర్వాత ఆచారి ఊదాడు. గాలి నిండా పట్టి, బుగ్గలు పొంగించి, దమ్ము తెగకుండా ఊదాడు. గాలి పోయింది. గరాటా ముందు చెయ్యి పెడితే చల్లగా తగిలింది కూడా. చప్పుడు మాత్రం లేదు.

"ఇది మూగది" అని పక్కన పెట్టాడు.

రెండోదీ మూగదే. మూడోదీ అంతే. "ఎక్కడో సన్నటి బీట ఉంది, గాలి దొంగతనంగా పోతోంది" అన్నాడు. కంటికి కనబడని బీటల కోసం భూతద్దం పెట్టి వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"నువ్వొకసారి ఊదయ్యా" అని ఏసుపాదాన్ని అడిగాడు.

"అమ్మడం వచ్చు గాని ఊదడం నాకేం వచ్చు?" అన్నాడు ఏసుపాదం. "వాయించేవాళ్లు వస్తారు, ఊదుకుంటారు, పట్టుకుపోతారు. పెళ్లిచూపులకొచ్చినోడు కూడా నీ అంత వంకలు పెట్టడు ఆచారీ!"

అయిదుసార్లు తొమ్మిదింటినీ ఊదాడు. ఉదయం ఊదాడు, పరగడుపున ఊదాడు, భోంచేసి ఊదాడు. ఒకసారి నూనె పోయించి ఊదాడు. తొమ్మిదీ మూగనోము పట్టాయి.

పద్దెనిమిదో రోజున ఆరోసారి వెళ్లి, ఉన్నవాటిల్లో మంచి అతుకులున్నదాన్ని బతిమాలి అరువు తీసుకుని, తిన్నగా మాస్టారి ఇంటికే పట్టుకొచ్చాడు.

"పలికిందా?" అన్నారు మాస్టారు.

"లేదండీ. ఏం రోగమో అంతు చిక్కట్లేదు. మీరొక్కసారి ఊది చూడండి."

"నేను ఊదితే పలుకుద్ది. కావల్సింది నాకు కాదుగా."

"మరి దీనికేమైనా లోపముందేమో..."

"నీ నోట పలకలేదంటివి. ఇచ్చేసి రా."

ఆచారికి మనసు కష్టమైంది. ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచన. ఒక్కసారి ఊది, ఇది బాగుంది, ఇది బాగాలేదు అంటే ఆయన సొమ్మేం పోయింది? కంసాలివాడికి విద్య చెప్పడం ఇష్టంలేక ఇట్లా తిప్పుకుంటున్నారేమో. ఆ అనుమానం ఒకసారి వచ్చాక మరి పోలేదు. అరువు తెచ్చినదాన్ని మర్నాడు గుంటూరులో ఇచ్చేసి వచ్చి, కుంపటి ముందు కూర్చున్నాడు. మాస్టారి ఇంటివైపు వెళ్లడం మానేశాడు.

వెళ్లడం మానాడు గాని సందేహం మానలేదు. పని మధ్యలో కూడా అదే. గాలి పోయింది కదా. దారి బాగానే ఉంది కదా. మరి పలుకు ఎక్కడ ఆగింది?

ఇరవై ఆరో రోజు పొద్దున్నే దస్తగిరి మాస్టారు అతని కొట్టుకు వచ్చారు. ఎప్పుడూ ఊదుతూ ముందునుంచి పోవడమే గాని, ఆయన ఆ గుమ్మం ఎక్కింది లేదు. ఆచారి కంగారుగా లేచి పీట వేశాడు.

"నీ పని చూసుకో నాయనా. కూర్చోవడానికే వచ్చా" అన్నారు మాస్టారు.

కుంపట్లో బొగ్గులు బూడిద కప్పుకుని ఉన్నాయి. ఒక ముసలమ్మ చెవిదుద్దు కాడ విరిగితే అతకడానికి ఇచ్చింది. ఆచారి ఇనప ఊదుగొట్టం అందుకుని ఊదాడు. బూడిద లేచింది, బొగ్గులు ఎర్రబడ్డాయి. గొట్టం నోటినుంచి తియ్యకుండా, ఎక్కడా ఆగకుండా, వంద అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊదాడు. మాస్టారు చూస్తున్నారని తెలిసి కొంచెం ఎక్కువే ఊదాడు.

"దమ్మున్నోడివే" అన్నారు మాస్టారు. "ఏదీ, అదిట్టా ఇవ్వు."

ఆచారి ఊదుగొట్టం ఇచ్చాడు. మాస్టారు పైపంచెతో దాని చివర తుడిచారు. రెండో చివర నిప్పులకు జానెడు దూరంలో ఉండేటట్టు వంచి పట్టుకున్నారు. పెదవులు బిగించి గొట్టానికి ఆనించారు.

గొట్టం గట్టిగా పలికింది.

ఊరేగింపు వీధి మలుపు తిరిగేటప్పుడు వచ్చే నాదం అది. ఆచారి ఉలిక్కిపడ్డాడు. పట్టకారు చేతిలోంచి జారిపోయింది. ఎదురుగా బట్టలకొట్టు శెట్టిగారు వీధిలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆషాఢంలో పెళ్లెవరిదయ్యా!" అని అరిచారు.

ఆచారికి ఆ మాట వినబడలేదు. అతని కళ్లు కుంపటి మీదున్నాయి. గొట్టం అంత గట్టిగా మోగుతుంటే, దాని కిందున్న బూడిద కదలడం లేదు. నిప్పులు కొంచెం కూడా ఎర్రబడలేదు. నాదం వీధంతా నిండింది, బూడిద మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

మాస్టారు ఊదడం ఆపి, గొట్టం అతని చేతికిచ్చారు.

ఆచారి ఊదాడు. భగ్గున మంట లేచింది. చప్పుడు లేదు.

గొట్టం తీసి దానివంక చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, లోపలికి కన్ను పెట్టి చూశాడు. పాతికేళ్లుగా చేతిలో ఉన్న గొట్టం. రంధ్రం తప్ప అందులో ఏమీ లేదు. మీటలు లేవు, అతుకులు లేవు, రాగీ లేదు, ఇత్తడీ లేదు.

తర్వాత మాస్టారి మూతివంక చూశాడు. పెదవుల మధ్య ఎర్రగా, గుండ్రంగా అచ్చు పడి ఉంది. ఆ అచ్చు చుట్టూ పెదవి ఇంకా సన్నగా అదురుతోంది.

మాస్టారు "టీ తాగొస్తా" అని లేచి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఆ రోజు ఆచారి దుద్దు అతకలేదు. పెదవులు బిగించాడు, వదిలాడు, ముడిచాడు, సాగదీశాడు. మొదట తుంపర్లు వచ్చాయి. తర్వాత దోమ పోయినట్టు సన్నటి చప్పుడొచ్చింది. మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయి, "ఏమైందండీ, పంటినొప్పా?" అని అడిగింది. అతను చెయ్యూపి పొమ్మన్నాడు. సాయంత్రానికి పెదవులు వాచి, మిరపకాయ కొరికినట్టు మండాయి. దీపాలు పెట్టే వేళకి ఊదుగొట్టం ఒకసారి బొంయ్‌మంది. ఎంత వికారంగా ఉందంటే శెట్టిగారి కొట్టులో ఎవరో పకపకా నవ్వారు. ఆచారికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు మొదటి బస్సుకు గుంటూరు వెళ్లాడు.

"ఇచ్చేసి పోయావు, మళ్లీ ఏంది?" అన్నాడు ఏసుపాదం.

ఆచారి మొదటిసారి వచ్చినప్పుడు 'బీట ఉంది' అన్న ట్రంపెట్టును కొక్కెం మీదనుంచి దించాడు. వాచిన పెదవులు బిగించి ఆనించాడు. అది పలికింది. నిన్న గొట్టం పలికినట్టే, అంత వికారంగానూ పలికింది. దాన్ని పెట్టేసి రెండోది తీశాడు. అదీ పలికింది. మంచి అతుకులది పలికింది. రాగి తగ్గినది పలికింది. మీట పట్టేసేదీ పలికింది. తొమ్మిదీ పలికాయి, తొమ్మిదింటిలోనూ ఒకటే గొంతు.

ఏసుపాదం చెవుల్లోంచి వేళ్లు తీశాడు. "ఇన్నాళ్లూ మూగవంటివిగా! ఏం మందు పోశావయ్యా?"

ఆచారి ఆ తొమ్మిదింటి మధ్య చాలాసేపు కూర్చుండిపోయాడు. ఒకదాని మీద చెయ్యేసి నిమిరాడు.

"సరే, ఏది కట్టమంటావు?" అన్నాడు ఏసుపాదం.

"ఏదైనా కట్టు."

"అతుకులు చూడవా?"

"చూశాంలే."

ఇరవై ఎనిమిదో రోజు తెల్లారేసరికి ఆచారి దస్తగిరి మాస్టారి గుమ్మం ముందున్నాడు. ఆషాఢం ఇంకా రెండు రోజులే ఉంది. రెండు రోజుల్లో ఏం వస్తుంది? మొదటిరోజు తను అన్న మాటలు తలచుకుంటే తల ఎత్తబుద్ధి కాలేదు. పద్దెనిమిది రోజులు కొట్టు చుట్టూ తిరిగాడు, ఎనిమిది రోజులు అలిగాడు. తప్పు ఎవరిదని ఎవరినడుగుతాడు?

"పలికిందా?" అన్నారు మాస్టారు.

"పలికిందండీ."

"ఏది?"

"అన్నీ."

మాస్టారు ట్రంపెట్టు అందుకుని, మూట విప్పి చూశారు. మూడు మీటలూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కారు. ఆచారి గబుక్కున ఆయన వేళ్లవంకే చూశాడు. అవి ఆడుతుంటే ఇన్నేళ్ల సందేహమంతా మళ్లీ కళ్లలోకి వచ్చింది.

మాస్టారు పెదవికి ఆనించే మౌత్‌పీసును కొంచెం తిప్పి ఊడదీశారు. అరచేతిలో ఇమిడే ఆ చిన్న ఇత్తడి గిన్నెను ఆచారి చేతిలో పెట్టారు. ట్రంపెట్టును మళ్లీ గుడ్డలో చుట్టి, తన ట్రంపెట్టు పక్కన మేకుకు తగిలించారు.

ఆచారి చేతిలోని ముక్కను చూశాడు. మేకును చూశాడు.

"మాస్టారూ... ఉన్నవి రెండు రోజులే. మరి వేళ్లు?"

మాస్టారు తన మౌత్‌పీసు తీసుకుని అతనికి ఎదురుగా చాపమీద కూర్చున్నారు. నాలుకతో ముందు పళ్లు ఒకసారి తోసి చూసుకున్నారు.

"వేళ్లు వచ్చే ఆషాఢంలో చెబుతాలే" అన్నారు. "దానికి పళ్లతో పని లేదు."